జెనీవా నుంచి మదనపల్లె దాకా: రిఫార్మ్‌డ్ క్రైస్తవుల నమ్మిక ఏమిటి?

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరికగా చదవండి.

మన వైపు క్రైస్తవులందరినీ ఒకే గాటన కట్టేస్తాము. మాతా కోయిలుకు పోయేవాళ్ళు, సి.ఎస్.ఐ. గుడికి పోయేవాళ్ళు, పెంతెకొస్తు కూటాలకు పోయేవాళ్ళు అని పైపైన తెలుసు, అంతే. ఈ మధ్య సభ్యుల పుస్తకం కొత్తగా రాసేటప్పుడు, వేదంలో కలిసిన తెలుగు కుటుంబాలను మన లెక్కలో వేసుకోవాలా వద్దా అనే మాట వచ్చింది. ఇటూ అటూ గట్టిగానే మాట్లాడినారు. జవాబు చెప్పే ముందు ఆ కుటుంబాల నమ్మిక ఏమిటి, అది ఏ దారిన మన ఊళ్ళకు వచ్చింది అని తెలుసుకోవడం న్యాయం. వేలూరు, రాణిపేట, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల పాత ప్రొటెస్టెంటు కుటుంబాల్లో చాలామందికి మూలం ఒక్కటే: అమెరికా నుంచి వచ్చిన రిఫార్మ్‌డ్ సంఘం, అంటే సంస్కరణ పొందిన సంఘం.

1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ పాప క్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించిన సంగతి బడిలో చదువుకున్నాము. లూథర్ వెనుక నడిచినవాళ్ళు లూథరన్లు. అదే కాలంలో స్విట్జర్లాండులో లేచిన ఇంకో పాయ రిఫార్మ్‌డ్. దీనికి ముఖ్యుడు ఫ్రెంచివాడైన జాన్ కాల్విన్. 1536లో జెనీవా చేరినాడు. తన మతసిద్ధాంత గ్రంథం మొదటి కూర్పు కూడా ఆ ఏడే వెలువడింది. 1541లో జెనీవా సంఘానికి నిబంధనలు రాసి నాలుగు రకాల పనివాళ్ళను పెట్టినాడు: కాపరులు, బోధకులు, పెద్దలు, పరిచారకులు. పెద్దలు గురువులు కారు, ఊళ్ళో సంసారం చేసుకునే మామూలు మనుషులు. గుడి పెత్తనం గురువు ఒక్కడి చేతిలో ఉండకూడదు, నలుగురు పెద్దలు కూర్చుని నడపాలి అనేది ఈ సంఘాల ముఖ్య లక్షణం. మన కుల సంఘాల కార్యవర్గం ఎట్లా కూర్చుంటుందో ఇంచుమించు అట్లా.

ఇక నమ్మిక. అయిదు మాటల్లో చెబుతారు. లేఖనమే చివరి ప్రమాణం. రక్షణ కృప వలననే. దాన్ని అందుకునేది విశ్వాసం ద్వారానే. మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. మహిమ దేవునికి మాత్రమే. వీటన్నిటి అడుగున ఉన్న మాట దేవుని సార్వభౌమత్వం. మనిషి మంచి పనులు చేసి దేవుని దగ్గర జమ కట్టుకోలేడు. కృప ముందు వస్తుంది, క్రియ తరువాత వస్తుంది. మంచి పని రక్షణకు కట్టే కూలి కాదు, రక్షణ దొరికినందుకు చూపే కృతజ్ఞత.

దీన్ని పామరులకు నేర్పడానికి 1563లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో ఒక ప్రశ్నోత్తరి తయారయింది. 129 ప్రశ్నలు. ఏడాదిలో 52 ఆదివారాలకు పంచి పెట్టినారు. మూడు భాగాలు: మనిషి దుస్థితి, విడుదల, కృతజ్ఞత. మొదటి ప్రశ్నే బతుకులోను చావులోను నీకున్న ఆదరణ ఏమిటి అని అడుగుతుంది. నేను నా సొత్తు కాదు, క్రీస్తు సొత్తు అనేది జవాబు సారాంశం.

ఇక్కడ ఒక పెద్ద తగవు లేచింది. కృప అంతా దేవునిదే అయితే మనిషి ఇష్టానికి పని ఏముంది? హాలండులో ఆర్మీనియస్ అనే పండితుని శిష్యులు 1610లో అయిదు అంశాలతో అభ్యంతరం రాసి ఇచ్చినారు. దేవుడు కృప ఇస్తాడు, దాన్ని అందుకోవడమో తోసిపుచ్చడమో మనిషి చేతిలో ఉంది అని వాళ్ళ వాదం. దీన్ని తేల్చడానికి డోర్ట్ అనే ఊళ్ళో 1618 నవంబరు నుంచి 1619 మే దాకా మహాసభ జరిగింది. ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మన్ రాజ్యాల నుంచి కూడా ప్రతినిధులు వచ్చినారు. సభ తీర్పు ఇది: పాపం మనిషిని పూర్తిగా పాడు చేసింది. దేవుడు ఎవరినైనా ఎన్నుకుంటే అది వారి యోగ్యత చూసి కాదు. క్రీస్తు మరణం అందరికీ చాలినంత విలువ గలదే, అయితే ఎన్నుకోబడినవారిలో తప్పక ఫలిస్తుంది. ఆ కృప మనసును మార్చి తీరుతుంది. అట్లా పట్టబడినవారిని దేవుడు చివరిదాకా విడిచిపెట్టడు.

ఇది మనకు వింతగా తోచనక్కరలేదు. కంచిలో పాదం ఉన్న నామం, పాదం లేని నామం చూసి పెరిగినవాళ్ళం మనం. వడకలై వారు కోతి పిల్ల సామ్యం చెబుతారు, పిల్ల తల్లిని తానుగా పట్టుకోవాలి. తెన్కలై వారు పిల్లి పిల్ల సామ్యం చెబుతారు, తల్లే కరచుకొని తీసుకుపోతుంది, పిల్ల చేసేది ఏమీ లేదు. డోర్ట్ సభ తీర్పు పిల్లి పిల్ల వైపు. అయితే పోలిక ఇంతవరకే. కొందరిని ముందే ఎన్నుకున్నాడు అనే సిద్ధాంతం వైష్ణవంలో ఈ రూపంలో లేదు. కృప ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

అదే డోర్ట్ సభ ఇంకో పని చేసింది. మూలభాషల నుంచి డచ్చి భాషలోకి బైబిలు కొత్తగా తర్జుమా చేయాలని తీర్మానించింది. అది 1637లో అచ్చయింది. లేఖనమే ప్రమాణం అన్నప్పుడు ఆ లేఖనం ఇంటి భాషలో ఉండాలి కదా. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివిన మావంటివాళ్ళకు ఈ మాట విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

డచ్చి వలసవాళ్ళతో ఈ సంఘం 1628లో ఇప్పటి న్యూయార్కు చేరింది. అక్కడి వైద్యుడు జాన్ స్కడర్ 1819లో సిలోనుకు బయలుదేరి, 1836లో మద్రాసు వచ్చినాడు. ఆయన కొడుకులు హెన్రీ, విలియం, జోసెఫ్ 1853లో ఆర్కాటు మిషను స్థాపించినారు. ఉత్తర ఆర్కాటులో తమిళం, పైకి పోతే తెలుగు. మదనపల్లెలో పనిచేసిన జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి పెద్దగా ఉండి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసినాడు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలసింది. వేలూరులో జాన్ స్కడర్ మనవరాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఈనాటి సి.ఎం.సి. మేము రైల్వేలో ఉన్న రోజుల్లో కాట్పాడిలో దిగే బెంగాలీ, ఒరియా కుటుంబాలు మొదట అడిగేది ఆ ఆసుపత్రికి దారే.

మత బోధకు మనవాళ్ళు తల ఊపి ఊరుకోలేదు. తిరుత్తణి తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆర్కాటు మిషనువారి వేలూరు వూర్హీస్ కాలేజీలో, తరువాత స్కాట్లండు ప్రెస్బిటేరియన్లు పెట్టిన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు. రెండూ కాల్విన్ వంశంలోవే. హిందూ మతం మీద అక్కడ విన్న విమర్శే తనను వేదాంతం లోతుగా చదివించిందని తరువాత ఆయనే చెప్పినారు. ఆ గురువుల దగ్గర చదివి, ఆ గురువులకే జవాబు చెప్పినారు. ఇదీ మన చరిత్రే.

ఈ నమ్మికకు చీకటి వైపు కూడా ఉంది. యోగ్యత చూసి ఎన్నుకోలేదు అనే మాట మనిషి గర్వం అణచాలి. కాని ఎన్నుకోబడ్డాము అనే సగం పట్టుకున్నవాళ్ళు మిగతా సగం మరిచినారు. డోర్ట్ సభ అయ్యాక ఓడిన పక్షం బోధకులను ఉద్యోగాల నుంచి తీసేసినారు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ డచ్చి రిఫార్మ్‌డ్ సంఘం వర్ణవివక్షకు వేదం నుంచి సాకులు వెతికింది. అక్కడి చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్ళ పిల్లలు, మనవలు కూడా ఆ చట్టాల కింద నలిగినారు. దాన్ని ఖండించినవాళ్ళూ అదే నమ్మికవాళ్ళు. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి వర్ణవివక్షను సమర్థించడం మతభ్రష్టత్వమని తీర్మానించింది. అదే ఏడు దక్షిణాఫ్రికాలోని మిశ్రమ జాతుల సంఘం బెల్హార్ విశ్వాస ప్రకటన రాసింది. మన ఆర్కాటు మిషనును పంపిన అమెరికా సంఘం 2010లో దాన్ని తన ప్రమాణాల్లో చేర్చుకుంది.

మన దగ్గర ఈ సంఘాలు వేరుగా నిలవలేదు. 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలో, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో కలిసినాయి. బిషప్పులు ఉన్న ఆంగ్లికన్లు, పెద్దల సభ ఉన్న ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు ఒకే కప్పు కిందికి వచ్చినారు. నేడు మదనపల్లె రాయలసీమ డయోసిస్‌లో, వేలూరు వేలూరు డయోసిస్‌లో ఉన్నాయి. మధ్యలో చిక్కిన తెలుగు కుటుంబాలు తమిళ ఆరాధనలో కూర్చుంటాయి, ఇంటికి వచ్చి తెలుగులో ప్రార్థన చేసుకుంటాయి. మన కథకు, వాళ్ళ కథకు ఎంత దూరం?

కులం, గుడి వేరయినా వాళ్ళ అవ్వ మాట్లాడింది మన అవ్వ మాట్లాడిన తెలుగే. సభ్యుల పుస్తకంలో మతం అనే గడి అక్కరలేదని, ఇంటి భాష అనే గడి ఉంటే చాలని మా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు రాయండి, మాట్లాడుకుందాం. ఇంకో మాట. ఆ కుటుంబాల్లో చాలామంది దగ్గర తాతల నాటి తెలుగు బైబిళ్ళు, పాటల పుస్తకాలు చెదలు పడుతున్నాయి. తమిళనాట తెలుగు చదువుకున్నామనడానికి అవి సాక్ష్యాలు. మీకు తెలిసిన ఇల్లు ఉంటే చెప్పండి. పిల్లలు ఫోనులో ఫోటోలు తీసిపెడతారు.