కొండవీటి సుగంధ చూర్ణములు

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును గూర్చి శ్రోతలలో పలువురు వినియే యుందురు. తుపానున చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలిమితో హరించెడివారనియు, తాను సుంకము తప్ప మరేమియు గొననియు ఆయన ప్రకటించెను. సుంకము 30 పాళ్లలో ఒక పాలు. ఆ సరుకుల పట్టికలో ముత్యములు, దంతముల సరసనే శ్రీగంధము, కర్పూరము, చీనాకర్పూరము, పన్నీరు, జవ్వాది నిలిచినవి. ఆనాటి పరిమళము చిటికెడైనను మిగులలేదు. దానిపై వేసిన పన్ను మాత్రము రాతిపై మిగిలినది.

సుమారు 140 ఏండ్ల తరువాత కొండవీడు నేలిన కుమారగిరిరెడ్డి (1386-1402) వసంతోత్సవములు జరిపించి కర్పూరవసంతరాయలని పేరొందెను. ఆ వేడుకలలో చల్లుటకు గంధపుపొడి, కర్పూరము, కస్తూరి, జవ్వాది విస్తారముగ కావలసియుండెను. వానిని సమకూర్చినవాడు సుగంధభాండాగారాధ్యక్షుడగు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈ వర్తకునకే. గోవనుండి సంకుమదము, చోటంగినుండి కస్తూరి వచ్చెడిదని అందు కలదు. రాజు బిరుదు గుబాళించినది సెట్టి తెప్పించిన సరుకు వలననే యని మా అభిప్రాయము. ఆ వ్యయమును తుదకు మోసినది రైతే కదా యనువారికి మేము అడ్డుచెప్పజాలము.

కస్తూరి, జవ్వాది ఈ చూర్ణములలో అణుమాత్రమే పడును. తాము ఘుమఘుమలాడుటకన్న, త్వరగా ఎగిరిపోవు తక్కిన వాసనలను పట్టి నిలుపుటయే వాని పని. ఇట్టి కూర్పు మన పెద్దలకు లెక్కలశాస్త్రము కూడను. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమునే కేటాయించి, 16 ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఏరినచో 1820 కూర్పులగునని లెక్కగట్టెను.

మన యిండ్లలోని పొడికి శాసనము లేదు, అంకితమును లేదు. వట్టివేళ్లు, తుంగముస్తలు, కచ్చూరములు, మరువము, గులాబిరేకులు నీడనే ఆరబెట్టవలెను. ఎండ తగిలినచో పరిమళతైలము ఆవిరియైపోవును. పిమ్మట దంచి, వస్త్రగాళితము చేసి, కొంత సున్నిపిండిలో కలుపుదురు. కొంత మూటగట్టి బట్టలపెట్టెలో ఉంచుదురు. పూర్వము జటామాంసియు చేర్చెడివారు. హిమాలయములలో దాని వేళ్లను మితిమీరి త్రవ్వుటచే 1997 నుండి దేశాంతర వ్యాపారముపై కట్టడి యేర్పడినది. కస్తూరిమృగమును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాచుచున్నది. కావున ఈ రెండును లేకయే పొడి కొట్టుకొనవలెను. వట్టివేళ్లకు మాత్రము కొదువలేదు; ఆ గడ్డి మన చెరువుగట్లపైనే పెరుగును.