కంట్రోలు రోజుల్లో పిల్లలు (కృష్ణా డెల్టా)

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమై బర్మా బియ్యం రాక ఆగిపోయింది. వరి పండే కృష్ణా డెల్టా నుంచి ప్రభుత్వం ధాన్యం సేకరించి కొరత ప్రాంతాలకు పంపింది. కిరసనాయిలు, పంచదార, బట్ట కంట్రోలు (ప్రభుత్వ నియంత్రణ) కిందికి వచ్చాయి. బెజవాడలో పెద్దలు పనికి పోతే సంచీ, సీసా పట్టుకుని కొట్టు ముందు వరసలో నిలబడడం పిల్లల వంతయ్యేది. పల్లెల్లో శ్రమ ఇంకా ఎక్కువ: కోతలయ్యాక చేలో పరిగె ఏరడం, పిడకలకు పేడ ఎత్తడం, పుల్లలు పోగుచెయ్యడం, కాలవగట్ల మీద ఆకుకూర కోసుకురావడం. ఇందులో చాలాభాగం పేదిళ్ల పిల్లలు యుద్ధానికి ముందూ చేసిందే; కొరతలో దాని విలువ పెరిగింది, అంతే. కిరసనాయిలు దొరకని రాత్రి చదువు ఆముదం దీపం దగ్గరే. 1945లో యుద్ధం ముగిసినా ఆహార కొరత తీరలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆహారధాన్యాల కంట్రోలును రాజాజీ ప్రభుత్వం 1952లో ఎత్తేసింది.