బంగారు పురుగు: నామచరిత్రము

తొలకరి వానలకు తుమ్మచెట్లు చిగిర్చిన దినములలో మన పిల్లలు అగ్గిపెట్టెలో రెండు తుమ్మరెమ్మలు వేసి, అందు బంగారు పురుగును బెట్టి, అది గ్రుడ్లు పెట్టినదా యని గడియకొకమారు తెఱచి చూచుచుందురు. కొన్ని సీమలలో దీనిని జీరంగి యందురు. పసిపిల్లలు సైతము ఎఱిగిన యీ ప్రాణికి శాస్త్రమున నొక పేరు, ఆ పేరున కొక చరిత్రము గలవు. ఆ చరిత్రములో గోదావరీ మండలమునకును గొంత పాలు గలదు.

స్వీడను దేశపు పండితుడగు లినేయసు 1758లో ప్రకటించిన గ్రంథమున జంతువులకు రెండేసి పదముల పేర్లు పెట్టెను. మొదటి పదము గణమును, రెండవది జాతిని దెలుపును. ఈ తెగ పురుగులకు ఆయన 'బుప్రెస్టిసు' అను పేరు నిచ్చెను. ప్రాచీన యవనులు ఆ పేర బిలిచినది వేఱొక పురుగు; అది మేతతో గలిసి కడుపున బడిన యెడల పశువులు ఉబ్బి చచ్చునని వారు భయపడిరి. మన బంగారు పురుగు ఆ పాప మెఱుగదు. అయినను నిర్దోషికి అపవాదు అంటినట్లు ఆ పేరు దీనికంటి, 1815లో లీచి దొర యేర్పరచిన కుటుంబమునకును సంక్రమించినది. నేడా కుటుంబమున పదునైదువేలకు మించిన జాతులు వర్ణితములై యున్నవి.

లినేయసు నాడే వర్ణించిన మనదేశపు జాతి 'స్టెర్నికార్నిసు.' ఇది పచ్చగా మెఱయును. రెక్కడిప్పలపై లేతవన్నె గుంటలుండును. ఆయన శిష్యుడు ఫాబ్రీషియసు 1775లో వర్ణించినది 'క్రైసిసు.' దీని మెడభాగము పచ్చనిదే కాని, రెక్కడిప్పలు ఎఱ్ఱనికపిల వర్ణము గలవి. రంగును మాత్రమే చూచువారు ఈ రెండును బంధువులని నమ్మజాలరు. కాని యిప్పుడు రెండును 'స్టెర్నోసెరా' గణముననే చేరియున్నవి. 1829లో ఎష్‌షోల్ట్సు నెలకొల్పిన యా గణనామమునకు ఱొమ్ముకొమ్ము అని యర్థము. ఱొమ్మునుండి ముందునకు సాగిన మొనయే దానికి గుర్తు. పైగా ఆ పచ్చదనము అద్దకపు రంగు కాదు. పెంకులోని మిక్కిలి పలుచని పొరలపై వెలుతురు పడి మఱలుటవలన గలిగిన వన్నె. కావుననే పురుగు చచ్చినను వన్నె చావదు. 1903 నాటి ఢిల్లీ దర్బారులో కర్జను ప్రభువు భార్య ధరించిన నెమలి యుడుపుపై నీ రెక్కలే మెఱసినవి. రంగును బట్టి కులము నిర్ణయించుట పురుగుల విషయముననే చెల్లకున్న, మనుష్యుల విషయమున నెట్లు చెల్లును?

ఐరోపాలో గూర్చున్న ఫాబ్రీషియసునకు మనదేశపు పురుగులు చేరిన దారులలో ముఖ్యమైనది కోనిగు వైద్యుడు. ఈయనయు లినేయసు శిష్యుడే. 1768లో తరంగంబాడికి వచ్చి, పదునేడేండ్లు చెట్లను బురుగులను సేకరించెను. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. అప్పు డాయనకు చికిత్స చేసినవాడు సామర్లకోటలో నున్న రాక్సుబరో. ఈ రాక్సుబరో సామర్లకోటనుండి లక్కపురుగును గూర్చి వ్రాసి పంపిన వ్యాసము 1791లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడెను.

ఇట్లు మన నేలపై మన పురుగులను బరీక్షించి పేరు పెట్టినవారు పరదేశీయులు. వారిని నిందింప బనిలేదు. వారు చూచిరి, వ్రాసిరి. చెట్లపేర్లు చెప్పినవారును, రాక్సుబరోకు చిత్రములు వ్రాసినవారును మనవారే. కాని వారి పేర్లు మనలో నెందఱకు దెలియును? చూచి వ్రాయకుండుటయే మన లోపము.

కావున తల్లిదండ్రులకు మా విన్నప మిది. ఈ పురుగు తన బ్రదుకులో నధికభాగము నేలలో వేళ్లు తినుచు గడపి, కొన్ని వారములకై వెలుగులోనికి వచ్చును. దాని మెడకు దారము గట్టి త్రిప్పనీయకుడు. బాలుర కేగాక బాలికలకును నొక చిన్న పుస్తకమిచ్చి, ఏ తేదీన, ఏ యూర, ఏ చెట్టుపై జూచిరో వ్రాయింపుడు. ఊరును దేదియు లేని పురుగు పెట్టెలో నెంత మెఱసినను శాస్త్రమునకు గొఱగాదు. వ్రాసికొనిన పిమ్మట దానిని తుమ్మకొమ్మపై విడిచిపెట్టుట నేర్పుడు.