నోటిలో పెరిగే పిల్లలు – విక్టోరియా సరస్సు చేపల చరిత్ర

చేప చూపుతోను, తాబేలు తలపుతోను, పక్షి స్పర్శతోను పిల్లలను పెంచుతాయని మన పెద్దల మాట. మీనాక్షి అన్న పేరుకు ఈ భావాన్నే వివరణగా చెప్పడమూ కద్దు. ప్రకృతిలో మాత్రం అధిక సంఖ్యాకమైన చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. చూపుతో కాక నోటితో పిల్లలను సాకే చేపలు ఆఫ్రికా సరస్సులలో ఉన్నాయి. అవి సిక్లిడ్ కుటుంబానికి చెందినవి. వేల ఏళ్ళు చెక్కుచెదరని వాటి రక్షణోపాయం విక్టోరియా సరస్సులో ముప్ఫై ఏళ్ళలో ఎలా భగ్నమైందో, ఇళ్ళలోని గాజుతొట్లకు ఆ చరిత్రలో చోటెలా దక్కిందో చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

ఈ సరస్సులోని సిక్లిడ్లలో సాధారణంగా ఆడచేప గుడ్లు పెట్టిన వెంటనే వాటిని నోటిలోకి తీసుకుంటుంది. మగచేప అడుగురెక్కపై గుడ్లను పోలిన పసుపుపచ్చని చుక్కలుంటాయి. ఆడచేప వాటినీ అందుకోబోగా మగచేప వీర్యం దాని నోటిలో ప్రవేశించి, గుడ్లు అక్కడే ఫలదీకరణం చెందుతాయి. వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1962లో ఈ చుక్కల అంతరార్థాన్ని వివరించాడు. అటుపై సుమారు మూడు వారాలు తల్లి దాదాపు నిరాహారంగా ఉంటుంది. పిల్లలు బయటికి వచ్చాక కూడా కొన్నాళ్ళపాటు అలికిడైతే చాలు, మళ్ళీ తల్లి నోటిలో దూరుతాయి.

ఇంత కాపుదల ఉన్నచోట సంతానం ఎక్కువ అక్కరలేదు. అందుకే ఈ చేపలు ఒక్కో ఈతకు పదుల సంఖ్యలోనే గుడ్లు పెడతాయి. చిన్న శత్రువుల నుండి ఇది చక్కని రక్షణ. తల్లినే మింగగల శత్రువు వచ్చిననాడు మాత్రం తల్లితోపాటు ఈతంతా ఒక్క గుటకలో పోతుంది.

ఆ శత్రువును మనుషులే తెచ్చారు. ఉగాండా, కెన్యా, టాంజానియాల నడుమ విస్తరించిన విక్టోరియా సరస్సులో ఇటువంటి చిన్న సిక్లిడ్లు సుమారు 500 జాతులు ఉండేవని అంచనా. ముళ్ళు ఎక్కువ, ధర తక్కువ అయిన ఈ చేపలను పెద్ద చేపకు మేతగా మారిస్తే లాభమని వలసపాలన కాలపు అధికారులు కొందరు తలచారు. 1950లలో నైల్ పెర్చ్ అనే చేప సరస్సులో చేరింది. రెండు మీటర్ల దాకా పెరగగలిగిన వేటచేప అది. దాని గుడ్ల లెక్క లక్షలలో ఉంటుంది. ఈ పని కూడదని జెఫ్రీ ఫ్రయర్ 1960లో హెచ్చరిస్తూ వ్రాశాడు గాని, అప్పటికే ఆలస్యమైంది. 1962, 63లలో అధికారికంగానే మరిన్ని పెర్చ్‌లను వదిలారు.

1970ల చివర నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్రాన్స్ విట్టె ప్రభృతులు టాంజానియాలోని మ్వాంజా అఖాతంలో ఈ సిక్లిడ్లను పరిశీలించనారంభించారు. వారి కళ్ళముందే 1980లలో వలలలో సిక్లిడ్లు తరిగి నైల్ పెర్చ్ నిండింది. సుమారు 200 జాతులు కనుమరుగయ్యాయని అంచనా. పెర్చ్ ఎగుమతి వల్ల తీరవాసులలో అనేకులకు జీవనోపాధి కలిగిందన్నదీ చరిత్రే. దానికితోడు నాచు పెరిగి నీరు మసకబారింది. రంగును బట్టి తన జాతి మగచేపను గుర్తించే ఆడచేపకు ఆ రంగు కనబడక జాతులు కలిసిపోతున్నాయని ఓలె జేహౌజెన్ ప్రభృతులు 1997లో చూపారు.

పరిశోధకులు సజీవంగా తీసుకువెళ్ళిన చేపల సంతతి ప్రయోగశాలల నుండి జంతుప్రదర్శనశాలలకు, ఔత్సాహికుల ఇళ్ళకు చేరింది. సరస్సులో కానరాని జాతులు కొన్ని గాజుతొట్లలో నిలిచాయి.

అక్కడ వాటిని కాపాడడం ఓర్పుతో కూడిన పని. గొంతు కింద ఉబ్బి, మేత ముట్టని ఆడచేప గుడ్లు మోస్తున్నదని గ్రహించాలి. బెదిరితే అది గుడ్లను ఉమ్మివేయవచ్చు, మింగివేయవచ్చు. అందుచేత నెమ్మదిగా వేరే తొట్టెలోకి మార్చాలి. పిల్లలను లోనికి లాగివేయని స్పాంజ్ ఫిల్టరు, దాగడానికి రాళ్ళు అమర్చాలి. పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా మంచి ఆహారం. ఉపవాసంతో చిక్కిన తల్లిని మేపి, కోలుకున్నాకే మిగిలిన చేపలలో కలపాలి. అన్నిటికన్న ముఖ్యం, దగ్గరి జాతులను ఒకే తొట్టెలో ఉంచకపోవడం. తన జాతి మగచేప దొరకని ఆడచేప మరొకదానితో కూడితే, మసకనీటిలో జరిగిన సంకరమే ఇక్కడ తేటనీటిలోనూ జరుగుతుంది. పిల్లలు బతుకుతాయి, జాతి మాత్రం మిగలదు.

తొట్టె సరస్సుకు సాటిరాదు. కొద్దిపాటి చేపల నుండి తరతరాలుగా సాగే సంతతి బలహీనపడుతుంది. పెర్చ్‌ను విపరీతంగా పట్టిన మీదట 1990లలో కొన్ని సిక్లిడ్ జాతులు సరస్సులోనే తిరిగి కనిపించడం అంతకన్నా పెద్ద ఊరట.

మరొక విషయం గమనించదగ్గది. 1952లో భారతదేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా నోటిలో పిల్లలను సాకే సిక్లిడ్డే. అక్కడ బలైన కుటుంబానికి చెందిన చేపే ఇక్కడి చెరువులలో స్థానిక జాతులకు పోటీగా నిలిచింది. కనుక దోషం చేపది కాదు, పెర్చ్‌ది సైతం కాదు. ఏ నీటిలో ఏది బతకాలో లాభాన్ని బట్టి నిర్ణయించిన మనిషిది. ఆ నిర్ణయానికి ఒకరోజు చాలింది. దాని ఫలితాన్ని సరిదిద్దే పని ఇంకా తొట్టె తొట్టెకూ, ఈత ఈతకూ సాగుతూనే ఉన్నది.