పిలిస్తే పలకని పిల్లలు: ఆటిజం నిర్ధారణ నడిచిన దారి

ఆటిజం ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఈనాటికీ లేదు. తల స్కానింగు తీసినా తెలియదు. బిడ్డను చూసి, ఆడించి, నెలల పిల్లాడిగా ఉన్నప్పటినుంచి ఎలా పెరిగాడో కన్నవాళ్ళను అడిగి తేల్చుకోవాల్సిందే. అందుకే దీని చరిత్రలో ఏ మలుపు చూసినా రెండు ప్రశ్నలే ఎదురవుతాయి: బిడ్డను ఎవరు ఎంత ఓపిగ్గా గమనించారు? ఇంట్లోవాళ్ళు చెప్పింది ఎవరు విన్నారు?

ఆటిజం అనే మాటను వైద్యంలోకి తెచ్చింది స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయిలర్. గ్రీకులో ‘ఆటోస్’ అంటే తాను. స్కిజోఫ్రేనియా ఉన్న పెద్దవాళ్ళు బయటి ప్రపంచాన్ని వదిలి తమలో తాము ముడుచుకుపోవడాన్ని ఆయన 1911 నాటి గ్రంథంలో ఆ మాటతో వర్ణించాడు. పిల్లల సంగతి అందులో లేదు. పెద్దల జబ్బు లక్షణానికి పుట్టిన పేరు తర్వాత పిల్లల స్థితికి అంటుకోవడంతో వచ్చిన గందరగోళం దశాబ్దాలపాటు వదల్లేదు.

పిల్లలలో ఈ తీరును ముందుగా వివరంగా రాసింది కీవ్‌లో పుట్టి మాస్కోలో పనిచేసిన పిల్లల మానసిక వైద్యురాలు గ్రున్యా సుఖారెవా. 1925లో రష్యన్‌లో, మరుసటి ఏడు జర్మన్‌లో ఆమె ఆరుగురు మగపిల్లల గురించి ప్రచురించింది. తోటివాళ్ళతో కలవకపోవడం, ఒకే విషయాన్ని పట్టుకు వేలాడడం, చప్పుళ్ళకూ వాసనలకూ తట్టుకోలేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. చప్పుడు పడకపోవడం లాంటి ఇంద్రియ లక్షణాలకు అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథంలో చోటు దొరికింది 2013లో. ఆమె వ్యాసం ఇంగ్లీషులోకి రావడానికే 1996 దాకా పట్టింది. అంత స్పష్టమైన పరిశీలన అన్నేళ్ళు మరుగున పడి ఉండడం ఈ చరిత్రలో పెద్ద నష్టం.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, ఫారెస్ట్ అనే చిన్న ఊరు. అక్కడి వకీలు ఒకాయన తన కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఉన్న పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్‌కు పంపాడు. ఆ అబ్బాయి డొనాల్డ్ ట్రిప్లెట్. 1938లో కానర్ అతన్ని చూసేనాటికి ఐదేళ్ళు. గుండ్రంగా తిరిగే వస్తువు ఏది దొరికినా నేలమీద బొంగరంలా తిప్పుతూ గంటలు గడిపేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. తనను గురించి చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనాల్సిన చోట ‘నువ్వు’ అనేవాడు, ఎదుటివాళ్ళు తనతో అన్న మాటను అన్నట్టే తిప్పి అనడం వల్ల. అలవాటైన వరుసలో ఏ చిన్న మార్పు వచ్చినా గోల పెట్టేవాడు. ఆ తండ్రి ఉత్తరంలోని పరిశీలనే కానర్ వ్యాసానికి పునాది అయింది. 1943లో అచ్చయిన ఆ వ్యాసంలో పదకొండుమంది పిల్లలున్నారు: ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఇది పుట్టుకతో వచ్చేదని కానర్ అందులోనే రాశాడు. మొదటి రోగిగా నమోదైన డొనాల్డ్ తర్వాత సొంత ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడి, దేశాలు తిరిగి, 89 ఏళ్ళు బతికి 2023లో కన్నుమూశాడు.

ఇంచుమించు అదే సమయంలో వియన్నాలో పిల్లల వైద్యుడు హాన్స్ ఆస్పర్గర్ నలుగురు మగపిల్లల గురించి 1944లో రాశాడు. వీళ్ళు ధారాళంగా మాట్లాడతారు, కానీ ఆ మాట సంభాషణగా మారదు. ఆస్పర్గర్ పేరు దశాబ్దాలపాటు పిల్లల రక్షకుడిగా వినిపించింది. చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో బయటపెట్టిన పత్రాలు వేరే సంగతి చెప్పాయి. నాజీలు వికలాంగ పిల్లలను చంపిన ‘ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్’ ఆసుపత్రికి పిల్లలను పంపమని రాసిన కాగితాలమీద ఆయన సంతకం ఉంది. ఆ పిల్లల్ని తలచుకోకుండా ఆ పేరును వాడడం ఇప్పుడు చాలామందికి మనసొప్పదు.

కానర్ వ్యాసం చివర్లో ఒక మాట ఉంది. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత చూపేవాళ్ళు తక్కువని. తర్వాతి రాతల్లో అది ఇంకా ముదిరింది. మనోవిశ్లేషణ రాజ్యమేలుతున్న కాలం కావడంతో నింద తల్లి మీద పడింది. మనసులో మమత లేని ‘ఫ్రిజ్ తల్లుల’ వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ పుస్తకం ఈ వాదాన్ని జనంలోకి తీసుకెళ్ళింది. బిడ్డ ఎందుకు పలకడం లేదో తెలియక కుమిలిపోతున్న తల్లికి, తప్పు నీదేనని వైద్యుడే చెప్పిన కాలమది. చికిత్స పేరుతో పిల్లలను ఇళ్ళనుంచి వేరు చేశారు. ఆధారం లేని ఒక ఊహ ఇంతమంది ఆడవాళ్ళను ఏడిపించిన సందర్భాలు వైద్యంలో తక్కువ.

దాన్ని ఎదిరించింది మళ్ళీ ఒక తండ్రే. అమెరికా నౌకాదళంలో మనస్తత్వవేత్తగా ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్‌కు ఆటిజం ఉన్న కొడుకు. దొరికిన పరిశోధనంతా చదివి, ఇది మెదడుకు సంబంధించిన విషయమని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడు తల్లిదండ్రుల సంఘం ఏర్పడింది. 1969లో ఆ సంఘం సభకు వచ్చిన కానర్, తల్లిదండ్రుల తప్పేమీ లేదని అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది; వేర్వేరు అండాల 10 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. జంటల సంఖ్య చిన్నదే అయినా, వంశపారంపర్యపు పాత్రను చూపడానికి అది చాలింది.

ఎంతమందికి ఉంది అన్న లెక్క 1966లో మొదలైంది. ఇంగ్లండ్‌లోని మిడిల్‌సెక్స్‌లో విక్టర్ లాటర్ తేల్చింది 10,000 మంది పిల్లల్లో 4.5. లండన్ కాంబర్‌వెల్‌లో లోర్నా వింగ్, జూడిత్ గౌల్డ్ 1979లో మరోలా వెతికారు. కానర్ వర్ణనకు అచ్చంగా సరిపోయే పిల్లలతో ఆగకుండా, కలుపుగోలుతనం, మాట, ఊహ అనే మూడింటిలో ఇబ్బందులున్న పిల్లలందరినీ చూశారు. అలాంటివాళ్ళు చాలా ఎక్కువమంది తేలారు. వింగ్ కూతురికీ ఆటిజం ఉంది. తీవ్రతలు వేరైనా అందరూ ఒకే వర్ణపటంలోని రంగులన్న ‘స్పెక్ట్రమ్’ ఆలోచన ఆమెదే.

అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 1980లో ఆటిజాన్ని స్కిజోఫ్రేనియా నుంచి విడదీసి, 30 నెలల లోపు మొదలయ్యే వేరే స్థితిగా పెట్టింది. 1994లో ఆస్పర్గర్ పేరు చేరింది. 2013లో అన్నీ కలిసి ఒకే స్పెక్ట్రమ్ అయ్యాయి. నిర్వచనం వెడల్పయ్యేకొద్దీ సంఖ్య పెరిగింది. అమెరికా ప్రభుత్వ సంస్థ లెక్కల్లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 2000లో 150కి ఒకరు, 2020లో 36కి ఒకరు. ఈ పెరుగుదలలో పెద్ద భాగం గుర్తింపు పెరగడం వల్ల వచ్చినదే. ఈ అంకెలు చూసి భయపడ్డ తల్లిదండ్రుల్లో 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లలతో వచ్చిన వ్యాసం టీకా మీద అనుమానం నాటింది. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. పెద్ద పెద్ద అధ్యయనాలేవీ టీకాకూ ఆటిజానికీ సంబంధం చూపలేదు.

గుర్తింపు వయసు కిందికి దిగింది. 1992లో వచ్చిన పరీక్ష ఏడాదిన్నర పిల్లల కోసమే. దాని ఆయువుపట్టు చాలా చిన్న పని. అన్నం తినిపిస్తూ అమ్మ చందమామను చూపిస్తే, బిడ్డ ఆమె వేలిని చూస్తాడా, వేలు చూపే వైపు చూస్తాడా? తనంతట తాను వేలెత్తి చూపి, అమ్మ కూడా చూసిందా అని ఆమె మొహంలోకి తిరిగి చూస్తాడా? మాటలు రాకముందే కనిపించే సంకేతమిది. తెలుగు ఇళ్ళలో ముందుగా వినిపించేది మాత్రం ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ అంతే’ అన్న పెద్దల ఓదార్పు. తర్వాత చెవుడేమోనని చెవి పరీక్ష. అక్కడ అంతా బాగుందని తేలేసరికి విలువైన నెలలు గడిచిపోతాయి.

భారతదేశంలో 1991లో ఢిల్లీలో ఆటిజం ఉన్న బిడ్డ తల్లి మెర్రీ బరువా ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ ప్రారంభించారు. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది, 2016 చట్టంలో 21 వైకల్యాల జాబితాలో ఒకటైంది. విదేశీ పరీక్షలు ఖరీదైనవి, ఇక్కడి ఇళ్ళకు అతకనివి కావడంతో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ భారతీయ కొలమానాన్ని తయారుచేసింది. 2009లో వచ్చిన ఆ ‘ఇసా’లో 40 అంశాలున్నాయి. నిపుణులు బిడ్డ ఎదురుగా నేలమీద కూర్చుని బంతి దొర్లిస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, పక్కనున్న అమ్మను ఇంట్లో ఎలా ఉంటాడో అడుగుతారు. ప్రతి అంశానికీ 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. మొత్తం 70 లోపయితే ఆటిజం లేదు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య ధ్రువపత్రం ఆ మొత్తం మీద ఆధారపడుతుంది.