నాలుగు తరముల పొలము

పాత పనిముట్టును అద్దాల పెట్టెలో ఉంచినచో అది మూగవోవును. పనిలో పెట్టినచో తన కథ తానే చెప్పుకొనును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, రిచ్మండు పట్టణమునకు చేరువనున్న జార్జి రాంచిని చూచిన నాడు నాకీ సంగతి బోధపడినది. రాంచి యనగా మందలు మేయు బీళ్లు, సేద్యపు పొలములు, పశువుల కొట్టములు కలిసిన పెద్ద కమతము. హ్యూస్టను నగరమునకు నైరుతి దిక్కున నున్న ఆ ప్రాంతమున నేడు తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడి యున్నవి. మా బళ్లారి నుండి వెళ్లిన బంధువులు నన్నచ్చటికి తీసికొనిపోయిరి.

1824లో హెన్రీ జోన్సు, నాన్సీ దంపతులు స్టీఫెన్ ఆస్టిన్ నెలకొల్పిన వలసలో చేరి ఇచ్చట భూమి పొందిరి. అప్పుడు టెక్సాసు మెక్సికో దేశములోని భాగము. నాలుగు తరములు ఆ భూమి వారి వంశముననే నిలిచినది. వారసులు లేని మేమీ, ఆల్బర్టు జార్జి దంపతులు 1945లో ధర్మనిధి నేర్పరచిరి. నేడచ్చట ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క ఇల్లు కలదు. ఆ కాలపు దుస్తులు ధరించినవారు కొలిమిలో ఇనుము కాల్చుచు, కట్టెల పొయ్యిపై వంట చేయుచు, గుఱ్ఱములెక్కి పశువులను తోలుచు, అడిగినవారికి తమ పనిని వివరింతురు.

1890ల నాటి మేడ కన్న నన్నెక్కువసేపు నిలిపినది పాలుకు సేద్యము చేసిన రైతు గుడిసె. జోన్సు కాలమున ఆ పొలములలో చెమటోడ్చినవారు ఆఫ్రికా సంతతి బానిసలు. 1865 జూన్ 19న గాల్వెస్టనులో విమోచన ప్రకటన వెలువడినది. స్వేచ్ఛ వచ్చినది కాని భూమి రాలేదు. టెక్సాసు అంతట అట్టివారనేకులు విత్తనము, తిండి అప్పు తెచ్చుకొని పంటలో పాలుకు పత్తి పండించిరి. అప్పు తీరగా మిగులునది స్వల్పము. ఆ గుడిసెను దాచక మేడతో పాటు చూపుట నాకు మెచ్చుకోలుగా తోచినది.

మరియొక చోట పశువులను మందునీటి తొట్టిలో ముంచి నడపుట చూపిరి. టెక్సాసు జ్వరమును వ్యాపింపజేయునవి పిడుదులని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు 1893లో ప్రకటించిరి. పిడుదులకు, ఎండకు ఓర్చునవి మన దేశపు పశువులు. కావుననే 1906లో బోర్డెన్ అను రాంచి నిర్వాహకుడు భారతదేశము నుండి పశువులను ఓడలో తెప్పించెను. నేడు బ్రాహ్మన్ అను పేర ప్రసిద్ధమైన అమెరికా జాతిలో గిర్ మొదలగు జాతులతో పాటు, అచ్చటివారు నెల్లూరు జాతి యను మన ఒంగోలు పశువుల రక్తమును కలదు. మూపురము చూడగానే మాలో ఒకరు "మనవే!" అనిరి.

తిరిగివచ్చు దారిలో మా యింటి అటక జ్ఞాపకము వచ్చినది. అచ్చట గొర్రు, దాని జడ్డిగము ధూళి పట్టి యున్నవి. కాడి, మేడి, కర్రు, గుంటక అను మాటలు మా పిల్లలెరుగరు. కన్నడ బడిని మనము తప్పుపట్టుదుము గాని, ఆ మాటలను పోగొట్టినది బడి కాదు. పని పోయినది, పనితో మాట పోయినది. నల్లరేగడిలో మా తాతగారు ఎన్ని ఎకరములు సంపాదించిరో మాకందరకు కంఠస్థము. ఆ జడ్డిగములో గింజలు వదలిన ఆడవారెవరో మాలో ఒక్కరును అడిగి యుండలేదు.

ఊరు చేరగానే మా మేనత్తగారి నడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి ముగ్గురి పేర్లు, వారు పాడుకొను పాటల వరుసలు కొన్ని చెప్పెను. వ్రాసికొంటిని. ప్రతి కుటుంబమును ఇట్లు పనిముట్టు పేరు, దానిని పట్టినవారి పేరు ఒకే పుటలో వ్రాసియుంచినచో, మన సంఘమునకు అంతకు మించిన ప్రదర్శనశాల అక్కరలేదు. చెప్పగల పెద్దలు ఇంకను మన యిండ్లలో ఉన్నారు.