యజమాని ఎవరు? విశాఖ రేవు నుంచి ఉక్కునగరం దాకా కాంట్రాక్టు శ్రమ చరిత్ర

కీలక పదాలు: డాక్ లేబర్ బోర్డు, కాంట్రాక్టు కార్మికులు, విమానయాన సిబ్బంది, విశాఖ ఉక్కు, కార్మిక చట్టాలు

ఉపోద్ఘాతం

విశాఖపట్నం కార్మిక చరిత్ర అనగానే సమ్మెలు, వేతన ఒప్పందాలు, 1966 నాటి ఉక్కు ఉద్యమం స్ఫురిస్తాయి. వీటన్నిటికీ అడుగున, అంతగా చర్చకు రాని ప్రశ్న ఒకటి ఉంది. పని చేయించుకునేది ఒకరు, కూలి చెల్లించేది మరొకరు అయినప్పుడు కార్మికునికి యజమాని ఎవరు? ఈ ప్రశ్న విశాఖ రేవులో తలెత్తి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తరువాత ఒక విమాన సంస్థ వ్యాజ్యంలో దేశవ్యాప్త రూపం దాల్చింది. నేడు ఉక్కు కర్మాగారం ద్వారం వద్ద నిలిచి ఉంది. కార్మికుని భద్రత యజమాని నిర్ధారణ మీదనే ఆధారపడినంతకాలం అది నిలకడ లేనిదేననీ, అందుకు భిన్నమైన మార్గాన్ని విశాఖ రేవు ఒకప్పుడు ఆచరణలో చూపిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రేవు: పేరు నమోదుతో వచ్చిన భద్రత

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీకి చెందిన ‘జలదుర్గ’ నౌక రాకతో విశాఖ ఓడరేవులో వాణిజ్య రాకపోకలు మొదలయ్యాయి. ఓడ వచ్చిన రోజున వందలాది చేతులు కావాలి; రాని రోజున ఒక్కరూ అక్కరలేదు. ఈ ఒడుదొడుకుల భారాన్ని రేవుల్లో మోసింది ఓడల యజమానులు కారు, సరకు ఎగుమతి దిగుమతులు చేయించే స్టీవెడోర్లు కారు. ఏ పూటకు ఆ పూట మేస్త్రీ పిలుపు కోసం కాచుకున్న కూలీలు. రేవు కూలీల పనికి ఒక క్రమం ఉండాలని 1931లోనే విట్లీ కమిషన్ సూచించినా, చట్టం రావడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. డాక్ కార్మికుల (ఉపాధి క్రమబద్ధీకరణ) చట్టం కింద విశాఖపట్నానికి ప్రత్యేక పథకం 1959లో అమలులోకి వచ్చింది.

ఈ పథకం కీలకం దాని నిర్మాణంలో ఉంది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు అనే మూడు పక్షాల ప్రతినిధులతో బోర్డు ఏర్పడింది. అందులో యజమానుల ప్రతినిధులు ఎందరో కార్మికుల ప్రతినిధులూ అందరే. కార్మికుని పేరు రిజిస్టరులో చేరుతుంది. స్టీవెడోరు పేరు కూడా రిజిస్టరులో ఉండవలసిందే. రిజర్వు పూలులోని కార్మికులను బోర్డు వంతులవారీగా పనికి పంపుతుంది. పనికి సిద్ధంగా హాజరైనా పని దొరకని రోజుకు భత్యం ఉంటుంది. ఈ విధంగా ఓడ రాకపోవడం వల్ల కలిగే నష్టం ఒక్క కూలీ నెత్తిన పడకుండా రేవు మొత్తం మీద పంపిణీ అయింది.

1970 నాటి ప్రశ్న

ఈ ఏర్పాటులోని చిక్కు బోనస్ వివాదంలో బయటపడింది. విశాఖ డాక్ కార్మికులు బోనస్ కోరినప్పుడు ఇవ్వవలసింది ఎవరన్న ప్రశ్న వచ్చింది. పారిశ్రామిక ట్రిబ్యునల్ బోర్డునే యజమానిగా భావించింది. వైజాగపట్నం డాక్ లేబర్ బోర్డుకూ స్టీవెడోర్ల సంఘానికీ మధ్య నడిచిన ఈ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1970 నాటి న్యాయ నివేదికల్లో ప్రచురితమైన ఆ తీర్పు ప్రకారం బోర్డు యజమాని కాదు. కార్మికుణ్ణి ఏ స్టీవెడోరుకు కేటాయించారో అతడే యజమాని.

చరిత్రకారుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బోర్డు యజమాని కాదని న్యాయస్థానం తేల్చిన తరువాత కూడా కార్మికుని రోజువారీ భద్రత ఆ బోర్డు నుంచే వచ్చింది. స్టీవెడోరు మారినా రిజిస్టరులో పేరు మారలేదు. అంటే ఇక్కడ భద్రత యజమానిని అంటిపెట్టుకుని లేదు, వృత్తిని అంటిపెట్టుకుని ఉంది.

మరో దారి: కాంట్రాక్టు కార్మిక చట్టం

ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. కాంట్రాక్టు కార్మికుల (క్రమబద్ధీకరణ, రద్దు) చట్టం అమలులోకి వచ్చింది అదే ఏడాది ఫిబ్రవరి 10న. ఇరవై ఒక్క రోజుల తేడాతో మొదలైన ఈ రెంటి చరిత్రా తరువాత పెనవేసుకుపోయింది. ఈ చట్టం రేవు మార్గాన్ని అనుసరించలేదు. కొన్ని పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది కానీ, నిషేధించాక ఆ కార్మికులు ఏమవుతారో చెప్పకుండా వదిలింది.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నం విమానయాన రంగం నుంచి వచ్చింది. ఊడ్చడం, శుభ్రపరచడం, కాపలా వంటి పనుల్లో కాంట్రాక్టు శ్రమను నిషేధిస్తూ కేంద్రం 1976 డిసెంబరు 9న ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు ఎయిర్ ఇండియాకు వర్తిస్తుందనీ, నిషేధం తరువాత కార్మికులు ప్రధాన సంస్థ ఉద్యోగులవుతారనీ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఐదేళ్లయినా గడవకుండానే, 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. మొదటి తీర్పులో ప్రధాన అభిప్రాయం రాసిన కె. రామస్వామి, రెండవది రాసిన సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారే కావడం గమనార్హం. 2001 తరువాత కాంట్రాక్టు ఒట్టి ముసుగేనని పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువు చేయవలసిన పరిస్థితి కార్మికునికి ఏర్పడింది.

విమానయాన రంగం మరొక పాఠం కూడా చెబుతుంది. పైలట్ల విధి గంటలకూ విశ్రాంతికీ పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు ఉన్నాయి. 2024 జనవరిలో సవరించిన నిబంధనలు వారాంతపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయినప్పుడు కొన్ని నిబంధనలకు తాత్కాలిక మినహాయింపు దొరికింది. ఒత్తిడి ఎదురైతే నియమాలు సడలుతాయనడానికి ఇది నిదర్శనం. అయినా పైలటు ఏ సంస్థలో చేరినా ఆ గంటల లెక్క అతని వెంటే వస్తుంది. అదే విమానంలోకి సామాను ఎక్కించే కాంట్రాక్టు కార్మికునికి అటువంటి వృత్తిపరమైన కవచం లేదు. ఒకే రన్‌వే మీద రెండు వేర్వేరు శ్రమ చరిత్రలు నడుస్తున్నాయి.

రేవులో ముగింపు, ఉక్కులో కొనసాగింపు

రిజిస్టరు పద్ధతికి లోపాలు లేకపోలేదు. రిజిస్టరులో చేరనివారు బయటనే మిగిలారు. యంత్రాలు పెరిగే కొద్దీ గ్యాంగుల పరిమాణంపై వివాదాలు వచ్చాయి. బోర్డుల వల్ల ఖర్చు పెరుగుతున్నదని నౌకా వ్యాపారులు వాదించారు. 1997లో వచ్చిన చట్టం, ఉభయ పక్షాల ఒడంబడికతో డాక్ లేబర్ బోర్డులను ఓడరేవుల్లో విలీనం చేయడానికి దారి తెరిచింది. విశాఖలో ఆ విలీనం 2008లో జరిగింది. అప్పటికి ఉన్న కార్మికులు ఓడరేవు ఉద్యోగులయ్యారు. వారికి ఇది నిస్సందేహంగా విజయమే. అయితే వారి తరువాత వచ్చేవారికి రిజిస్టరు లేదు. కంటైనర్ టెర్మినల్ 2003 నుంచే ప్రైవేటు నిర్వహణలో ఉంది. హక్కు వ్యక్తులకు దక్కింది కానీ పనికి దక్కలేదు.

ఉక్కు కర్మాగారంలో రిజిస్టరు దశ అసలే రాలేదు. భూములిచ్చిన గ్రామాల నిర్వాసితులలో ఆర్ కార్డు పొంది కూడా శాశ్వత ఉద్యోగం దొరకనివారు ఉన్నారు. వారిలో అనేకులు కాంట్రాక్టు పనుల్లో కుదురుకున్నారు. 2021 జనవరి 27న నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించింది. సరిగ్గా ఏడాది తరువాత, 2022 జనవరి 27న, ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. విశాఖలో సుదీర్ఘ పోరాటం సాగింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. అదే ఏడాది మే నెలలో తొలగింపులకు వ్యతిరేకంగా కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. కర్మాగారం నిలబడుతున్న వేళ అందులో దీర్ఘకాలం పనిచేసినవారు గేటు బయట నిలబడటం ఈ చరిత్రలోని వైరుధ్యాన్ని స్పష్టం చేస్తుంది. కర్మాగారాన్ని కాపాడాలన్న నినాదంలో అందరూ ఒక్కటే. కాపాడిన తరువాత లెక్కలో మాత్రం శాశ్వత కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడు వేరువేరు.

ముగింపు

2003లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కాంట్రాక్టు చట్టంలోకి ‘ప్రధాన కార్యకలాపం’ అన్న భావనను తెచ్చింది. సంస్థ స్థాపన లక్ష్యమే అది కానప్పుడు ఎగుమతి దిగుమతి పనులు ప్రధాన కార్యకలాపం కావని పేర్కొంది. ఆ భావనే 2020 నాటి కేంద్ర కార్మిక స్మృతిలో చేరింది. మోత పని చేసేవారి అభద్రతను తొలగించడానికే 1948 చట్టం పుట్టింది. అర్ధ శతాబ్దం తరువాత మోత పని సంస్థ అంచులకు జరిగింది.

సంఘాలు ఇప్పటికీ ‘మా అసలు యజమానిని గుర్తించండి’ అని కోరుతున్నాయి. ఆ కోరిక న్యాయమైనదే. కానీ యజమాని మారుతూ ఉన్న కాలంలో అది ఒక్కటే చాలదు. భోగాపురం విమానాశ్రయం వంటి కొత్త పనిచోట్లు ఈ ప్రాంతానికి వస్తున్న తరుణంలో, కాంట్రాక్టరు మారినా కార్మికుని పేరు, సీనియారిటీ, వంతు చెరగని ఉమ్మడి రిజిస్టరును ఒక డిమాండుగా ముందుకు తేవచ్చు. అది ఊహాజనితమైన ఆదర్శం కాదు. 1959 నుంచి దాదాపు యాభై ఏళ్ల పాటు విశాఖ రేవులో పనిచేసిన వ్యవస్థ.